నాలుగు రోజుల జాగ్రఫీ క్యాంపుకి వెళ్లాలా, డీఎస్సీ కోచింగ్‌లో కూర్చోవాలా?

ప్రశ్న: విజయనగరంలో బీఈడీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. మెథడాలజీ సోషల్. డిగ్రీలో హెచ్‌ఈపీ (హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్) తీసుకున్నాను కాబట్టి పదో తరగతి తర్వాత జాగ్రఫీ ముట్టుకోలేదు. మా కాలేజీలో నాలుగు రోజుల ఫీల్డ్ క్యాంపు పెడుతున్నారు. బొర్రా నుంచి భీమిలి దాకా గోస్తనీ నది వెంట తీసుకెళ్తారట, రాత్రిళ్లు కూడా అక్కడే బస. మూడున్నర వేలు కట్టాలి. ‘గుహలు ఎప్పుడైనా చూడొచ్చు, ఆ డబ్బు కోచింగ్‌కి కట్టు’ అంటున్నారు నాన్న. అమ్మకి రాత్రి బస అంటేనే టెన్షన్. వెళ్లమంటారా?

జవాబు: వెళ్లండమ్మా. అయితే ముందు మీ నాన్నగారి మాటలో నిజమెంతో చూద్దాం. డీఎస్సీలో ఈ క్యాంపుకంటూ విడిగా మార్కులు రావు. రాతపరీక్షకి 80 శాతం, టెట్‌కి 20 శాతం వెయిటేజీ, అంతే. ఆ లెక్క వరకు ఆయన చెప్పింది సరైనదే. ఆ తర్వాత సంగతే నేను ఆలోచిస్తున్నది. స్కూల్ అసిస్టెంట్ సోషల్‌గా చేరాక చరిత్ర, పౌరశాస్త్రం, ఆర్థికశాస్త్రంతో పాటు జాగ్రఫీ కూడా మీరే చెప్పాలి. మీలాగే హెచ్‌ఈపీ చదివి వచ్చిన మాస్టార్లు, టీచర్లు చాలామంది ఆ పాఠాలు వచ్చేసరికి నోట్సు చెప్పేసి ముందుకెళ్లిపోతారు. వాళ్లకి శ్రద్ధ లేదని కాదు, నదిని పాఠంగా చూడటం వాళ్లకెవరూ నేర్పలేదు.

అది నేర్పడానికి గోస్తనీ చాలా మంచి నది. చిన్నది, మొదలూ చివరా నాలుగు రోజుల్లో చూసెయ్యొచ్చు. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా దగ్గర సున్నపురాయిలోంచి దారి చేసుకుని, తాటిపూడి రిజర్వాయర్‌లో ఆగి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. బొర్రాలో పైకప్పు నుంచి వేలాడే రాళ్లని ఫొటో తీసుకుని రావడం టూరిస్టు పని. వాన నీరు గాలిలోంచి, మట్టిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని కొద్దిగా ఆమ్లంగా మారి సున్నపురాయిని కరిగిస్తుంది. ఆ నీరు పైకప్పు నుంచి చుక్క చుక్కగా కారే చోట సున్నం మళ్లీ పేరుకుంటుంది. ఈ సంగతిని తడిసిన ఆ గోడ పక్కనే నిలబడి ఏడో తరగతి పిల్లాడికి అర్థమయ్యేలా రెండు నిమిషాల్లో చెప్పగలగడం టీచర్ పని. క్యాంపులో మీతో ఆ రెండు నిమిషాలు మాట్లాడించాలి. మాట్లాడించకపోతే మీరే అడగండి, ‘మేడమ్, ఇక్కడ నేను చెప్తాను’ అని.

నది దగ్గర సాధారణంగా చేయించే పని ఒకటి చెప్తాను. మోకాలి లోతు మించని చోట ఒడ్డు వెంట పది మీటర్లు టేపుతో కొలిచి రెండు కర్రలు పాతుతారు. పై కర్ర దగ్గర ఒక నారింజకాయ వదిలి, కింది కర్ర దాటేదాకా సెల్‌ఫోన్‌లో టైమ్ చూస్తారు. ఒక గ్రూపుకి 14 సెకన్లు వచ్చింది, ఇంకో గ్రూపుకి 15 అనుకోండి. మూడో గ్రూపుకి 31. సాయంత్రం బసలో చార్టు నేల మీద పరిచి అంకెలు రాస్తుంటే గొడవ మొదలవుతుంది. 31ని కలిపి సగటు తీయాలా, కొట్టేయాలా? వాళ్లు కాయని ఒడ్డు దగ్గర తుంగలో వదిలారని ఎవరికో గుర్తొస్తుంది. ఒడ్డు రాపిడికి అక్కడ నీళ్లు నెమ్మదిగా కదులుతాయని అప్పుడు తడుతుంది. అయితే 31 తప్పు కాదు, వేరే ప్రశ్నకి జవాబు! మర్నాడు పొద్దున్నే మళ్లీ వెళ్లి ఒడ్డున ఒకసారి, మధ్యలో ఒకసారి కొలుస్తారు.

రాత్రి బస ఎందుకని మీ అమ్మగారు అడిగితే ఇదే చెప్పండి. పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేసే ట్రిప్పులో అంకెలు నోట్‌బుక్‌లోనే ఉండిపోతాయి. సాయంత్రం వాటి మీద వాదించుకుని, మర్నాడు అదే చోటికి తిరిగి వెళ్లే వీలు బస ఉంటేనే దొరుకుతుంది. ప్రశ్న ఎలా పుడుతుందో స్వయంగా చూసిన టీచరే పిల్లల్లో ప్రశ్న పుట్టించగలదని నా గట్టి నమ్మకం.

తాటిపూడి కిందకి వచ్చేసరికి ఇంకో మలుపు ఉంటుంది. పైన నిండుగా నీళ్లు, వేసవిలో కింద చాలాచోట్ల ఇసుకే. ఎందుకలా? 1960ల్లో కట్టిన ఆ రిజర్వాయర్ నుంచి పొలాలకీ, విశాఖ నగరానికీ నీళ్లు వెళ్తాయి. భౌతిక భూగోళం పాఠం అక్కడికక్కడే ఊళ్ల పాఠం, రైతుల పాఠం అయిపోతుంది. నది ఒడ్డున ఉన్న ఒక రైతుని ఏమడగాలో, ఎలా అడగాలో కూడా శిక్షణే.

భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు తప్పకుండా చూపిస్తారు. 2014లో జాతీయ భూ వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందిన చోటు అది. ఇసుక రేణువులకి ఇనుము ఆక్సైడ్ పట్టి ఎర్రబడిన దిబ్బల్ని వాన నీరు కోసి లోతైన గండ్లు చేసింది. ఆ అంచుల మీదకి ఎక్కితే మట్టి విరిగిపోతుంది. గుప్పెడు మట్టి కూడా తీసుకురావద్దు. రేపు నలభై మంది పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు ఈ మాట వాళ్లకి చెప్పాల్సింది మీరే.

ఆ నలభై మంది సంగతి దగ్గరే చాలా మంది టీచర్లు వెనకాడతారు. బస్సు దిగగానే లెక్కపెట్టడం, ఆడపిల్లలకి బాత్రూమ్ ఎక్కడుందో ముందే చూసుకోవడం, తల్లిదండ్రుల అనుమతి పత్రాలు, ప్రథమ చికిత్స పెట్టె, సిగ్నల్ లేని చోట ఏం చేయాలి, పైన వాన పడిందని తెలిస్తే నీళ్లలోకి దించకపోవడం... ఇవి రాకపోతే జాగ్రఫీ ఎంత తెలిసినా పిల్లల్ని గేటు దాటించడానికి ధైర్యం చాలదు. బీఈడీలో 20 వారాల స్కూల్ ఇంటర్న్‌షిప్ ఉన్నా అది దాదాపు తరగతి గదిలోనే గడుస్తుంది. కాబట్టి క్యాంపులో కనీసం ఒక పూట మొత్తం బృందాన్ని నడిపే బాధ్యత మీకివ్వమని అడిగి తీసుకోండి. ఈ సలహా ఒక్కటి పాటించినా మీ మూడున్నర వేలు వసూలైనట్టే.

ఇంగ్లండ్‌లో అయితే ఇది టీచర్ ఇష్టానికి వదిలేసిన విషయం కాదు. అక్కడ ‘ఎ-లెవెల్’ (మన ఇంటర్ లాంటి చదువు) జాగ్రఫీ విద్యార్థికి కనీసం నాలుగు రోజుల ఫీల్డ్ వర్క్ తప్పనిసరి, సొంత పరిశోధనకి 20 శాతం మార్కులుంటాయి. ఫీల్డ్ స్టడీస్ కౌన్సిల్ అనే సంస్థ 1943 నుంచీ ఈ పని మీదే ఉంది.

ఉద్యోగం వైపు నుంచి ఇంకో మాట. డీఎస్సీ ఒక్కటే దారి కాదు. సీబీఎస్ఈ ఇంటర్ స్థాయిలో జాగ్రఫీకి 30 మార్కుల ప్రాక్టికల్ ఉంది. ఐసీఎస్ఈ పదో తరగతిలో టోపోషీట్ (కొండలు, వాగులు, దారులు, ఊళ్లు వివరంగా చూపే సర్వే పటం) చదవడం తప్పనిసరి. కేంబ్రిడ్జ్ సిలబస్ స్కూళ్లలో ఫీల్డ్ వర్క్ మీద ప్రశ్నలుంటాయి. ఇలాంటి స్కూళ్లలో డెమో క్లాస్ చూసే ఉద్యోగమిస్తారు. మీరే కొలిచిన అంకెలు, మీరే గీసిన నది అడ్డకోత పటం బోర్డు మీద పెట్టి పాఠం మొదలుపెడితే గదిలో వాళ్లు తలెత్తి వింటారు. అందుకే నోట్‌బుక్, చార్టులు, ఫొటోలు అన్నీ ఒక ఫైల్‌గా దాచండి. వచ్చిన వారంలోపే వాటితో ఎనిమిదో తరగతికి ఒక లెసన్ ప్లాన్ రాసేయండి. వారం దాటితే రాయడం కష్టం.

డబ్బు కట్టే ముందు కాలేజీని కొన్ని సంగతులు అడగండి. రాత్రి బసలో మహిళా లెక్చరర్ ఉంటారా? బస ఎక్కడ, గదికి ఎంతమంది? దగ్గర్లో ఆసుపత్రి ఏది? రోజువారీ పనుల పట్టిక ఇస్తారా? ఆ పట్టికలో కొలతలు, సాయంత్రం చర్చలు లేకుండా చూసే ప్రదేశాల పేర్లే ఉంటే అది పిక్నిక్. అప్పుడు మీ నాన్నగారి మాటే వినండి. కొలతలూ చర్చలూ ఉంటే ఆ పట్టికని ఆయన చేతికిచ్చి చదవమనండి. లెక్చరర్ ఫోన్ నంబర్ అమ్మగారికిచ్చి, వెళ్లేలోపు ఒకసారి మాట్లాడించండి. కోచింగ్‌లో పోయే నాలుగు రోజుల పాఠాలు స్నేహితురాలి నోట్సు నుంచి ఒక ఆదివారం కూర్చుంటే వచ్చేస్తాయి.