వీసా కిటికీ దగ్గర ఆ రెండు నిమిషాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఎం.ఎస్. చదవడానికి హైదరాబాద్ కాన్సులేట్‌లో ఎఫ్-1 వీసా ఇంటర్వ్యూకు వెళ్లాడు. బ్యాంకు రుణం మంజూరు పత్రం, ఆస్తులపై చార్టర్డ్ అకౌంటెంట్ ఇచ్చిన సర్టిఫికెట్, మార్కుల జాబితాలు అన్నీ ఫైలులో వరుసగా పెట్టి పంపించాము. ఆఫీసరు ఒక్క కాగితమూ అడగలేదు. మూడు ప్రశ్నలు వేసి, పాస్‌పోర్టుతో పాటు 214(బి) అని రాసి ఉన్న కాగితం చేతిలో పెట్టారట. కాగితాలు చూడకుండా ఎలా నిర్ణయిస్తారు?
– ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: ఆ కాగితంపై ఉన్న అంకె 1952 నాటి అమెరికా వలస, పౌరసత్వ చట్టంలోని సెక్షన్‌ది. తాత్కాలిక వీసా అడిగే వ్యక్తిని, అక్కడే స్థిరపడడానికి వస్తున్నవాడిగానే మొదట భావించాలని, కాదని ఆఫీసరుకు నమ్మకం కలిగించే భారం దరఖాస్తుదారుదేనని ఆ సెక్షన్ చెబుతుంది. హెచ్-1బి, ఎల్ (ఇవి ఉద్యోగ వీసాలు) వంటి కొన్ని వీసాలకు మాత్రమే దీని నుంచి మినహాయింపు ఉంది. నేరం రుజువయ్యేవరకు ముద్దాయి నిర్దోషి అన్న మాట వింటూ పెరిగిన మనకు ఇది తలకిందులుగా కనిపిస్తుంది. కాబట్టి మీ అబ్బాయిలో ఏదో దోషం పట్టుకున్నారని అనుకోనవసరం లేదు; చట్టమే ముందుగా రాసిపెట్టిన అనుమానం ఆ రెండు నిమిషాల్లో తొలగలేదు, అంతే.

ఇక కాగితాల సంగతి. ఆఫీసరు ముందున్న తెరపై మీవాడు ఆన్‌లైన్‌లో నింపిన డీఎస్-160 అనే వీసా దరఖాస్తు, పాత వీసా రికార్డులు ఏమైనా ఉంటే అవి, వేలిముద్రల తనిఖీ వివరాలు కనిపిస్తాయి. ఆఫీసరు తన ప్రశ్నలను చాలావరకు వాటిలోంచే తీసుకుంటారు. పైగా ఇంటర్వ్యూకు ముందు వారం ఖాతాలో పడి, తర్వాత వారం మాయమయ్యే సొమ్ము గురించి మన వీధిలో అందరికీ తెలిసినప్పుడు, ఏళ్ల తరబడి ఇదే పని చేసే కార్యాలయానికి తెలియకుండా ఉంటుందా? అందుకే కాగితం మాటకు తోడుగా నిలబడుతుందేగానీ, మాటకు బదులు చెల్లదు.

‘ఈ యూనివర్సిటీయే ఎందుకు?’ అని అడిగితే, ‘అనుభవజ్ఞులైన అధ్యాపకులు, అద్భుతమైన ల్యాబులు, నా లక్ష్యాలకు తగిన సిలబస్’ అని ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పినవారు అదే కిటికీ ముందు ఆ ఉదయమే ఎంతోమంది నిలబడి ఉంటారు. ‘ఫైనలియర్‌లో పొలం మోటార్లకు సెన్సర్లు పెట్టే ప్రాజెక్టు చేశాను, వచ్చిన డేటాను ఏం చేయాలో తెలియక ఆగిపోయాను, ఆ సబ్జెక్టు ఇక్కడ రెండో సెమిస్టరులోనే ఉంది, ఇంకోచోట సీటు వచ్చింది కానీ ఫీజు మా నాన్నకు భారం’ అన్న జవాబుకు వ్యాకరణం కొంచెం తప్పినా నష్టం లేదు, అది చెప్పినవాడి సొంతం. మీ అబ్బాయిని కూర్చోబెట్టి ఆ మూడు ప్రశ్నలూ, తానిచ్చిన జవాబులూ యథాతథంగా కాగితంపై రాయమనండి. లోపం చాలాసార్లు అక్కడే కనిపిస్తుంది.

అన్ని తిరస్కరణలూ న్యాయమైనవేనని నేను అనను. నిజంగా చదువుకునే పిల్లలు కూడా బెదురువల్లనో, ఆఫీసరు తొందరపాటువల్లనో వెనక్కి వస్తున్నారు. అయితే 214(బి)పై అప్పీలు లేదు. కాన్సులర్ నిర్ణయాలను కోర్టులు సాధారణంగా సమీక్షించవన్న సూత్రాన్ని అమెరికా సుప్రీంకోర్టు 2024లో కూడా సమర్థించింది. మిగిలిన దారి మళ్లీ దరఖాస్తు చేయడమే.

ప్రశ్న: మొదటిసారి వీసా రాలేదు. రెండోసారి ఫారంలో ఆ విషయం రాయవద్దని, నా ఖర్చులు పెట్టేది మామయ్య అని చెప్పమని కన్సల్టెన్సీవారు అంటున్నారు. వినవచ్చునా?
– ఒక విద్యార్థిని, భీమవరం

జవాబు: వినవద్దు. గతంలో వీసా నిరాకరించారా అని ఫారమే అడుగుతుంది, జవాబు వారి రికార్డులో ముందే ఉంటుంది. 214(బి) శాశ్వత నిషేధం కాదు, పరిస్థితులు మెరుగుపడితే మళ్లీ ప్రయత్నించవచ్చు. కానీ వీసా కోసం కీలకమైన విషయంలో కావాలని అబద్ధం చెప్పారని తేలితే జీవితాంతం అనర్హత వెంటాడవచ్చు. కన్సల్టెన్సీ బోర్డు మార్చుకుని ఇంకో వీధిలో తెరుచుకుంటుంది, మీ వేలిముద్రలు మారవు. చిలుకూరులో 11 ప్రదక్షిణలు చేసి రండి, తప్పులేదు. ఫారంలోని తప్పులను మాత్రం మీరే దిద్దుకోవాలి. దరఖాస్తు రుసుము మళ్లీ కట్టాలి. విదేశీ విద్యార్థుల వివరాలు నమోదు చేసే సెవిస్ వ్యవస్థకు కట్టే 350 డాలర్ల రుసుము మాత్రం, 12 నెలల్లోపు అదే రకం వీసాకు దరఖాస్తు చేస్తే, మళ్లీ కట్టనక్కరలేదు.

ప్రశ్న: డాలస్‌లో మా అమ్మాయికి పురుడు. నాకూ మావారికీ ఇంగ్లీషు రాదు. మనవరాలి కోసం వెళ్తున్నామంటే వీసా ఇవ్వరని, ఊళ్లు చూడడానికని చెప్పమని తెలిసినవారు అంటున్నారు. పొలం పాస్‌బుక్కులు తీసుకువెళ్లాలా?
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: అమ్మా, తెలుగులోనే మాట్లాడండి. హైదరాబాద్‌లో తెలుగులో ఇంటర్వ్యూ ఇవ్వవచ్చు. భాష రాకపోవడం లోపం కాదు. పురుడు సంగతి దాచనక్కరలేదు. ఊళ్లు చూస్తామని చెప్పి, ఏ ఊరో అడిగితే మీవారి ముఖం చూసే పరిస్థితి తెచ్చుకోవద్దు. అమ్మాయి అక్కడ ఏ వీసాపై ఉందో, ఏం పని చేస్తుందో, మీరు ఎన్నాళ్లుంటారో, టికెట్లు ఎవరు కొంటారో మీ ఇద్దరికీ ఒకేలా తెలిసి ఉండాలి. భార్య మూడు నెలలని, భర్త ఆరు నెలలని చెప్పడం నేను ఎక్కువగా విన్న పొరపాటు. పాస్‌బుక్కులు సంచిలో ఉంచుకోండి, అడిగితే చూపండి. ఇక్కడ ఇంకో కొడుకు, వ్యవసాయం, పింఛను వంటివి ఉంటే అడిగినప్పుడు ఒక్క వాక్యంలో చెప్పండి. వీసా వచ్చాక కూడా ఎన్నాళ్లు ఉండవచ్చునన్నది అక్కడ విమానాశ్రయంలోని అధికారి నిర్ణయిస్తారు. ఆ గడువు తేదీ ఐ-94 అనే రాకపోకల రికార్డులో ఉంటుంది, దిగిన వారంలోనే అమ్మాయిచేత ఆన్‌లైన్‌లో చూపించుకోండి.