జపాన్ ట్రిప్‌లో సంప్రదాయ వడ్రంగాన్ని దగ్గరగా చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి?

టైం తక్కువగా ఉంటే నేను కోబే ఒక్కటే చెప్తాను. షిన్-కోబే బుల్లెట్ ట్రైన్ స్టేషన్ నుంచి కొద్ది నిమిషాలు నడిస్తే తకెనకా వడ్రంగి పనిముట్ల మ్యూజియం వస్తుంది. 1984లో మొదలై, 2014లో ఇప్పుడున్న చోటికి మారింది. నారాలోని తోషోదాయిజీ గుడి స్తంభాన్నీ, కప్పును మోసే దూలాల అమరికనూ అసలు సైజులోనే నమూనాగా లోపల నిలబెట్టారు. దాని కింద నిలబడి చూడాల్సిందే! సోమవారం సెలవు.

పనిముట్లను శ్రద్ధగా చూడండి. అక్కడి రంపాన్నీ, చిత్రికనూ ముందుకు తోయరు, తమవైపు లాగుతారు. లాగేటప్పుడు రంపపు రేకు వంగదు కాబట్టి దాన్ని చాలా పలచగా చేయొచ్చు. కోత సన్నగా పడుతుంది, అతుకు బిగుతుగా కూర్చుంటుంది.

తర్వాత నారా దగ్గరి హోర్యూజీ గుడి. ఈ రోజుకీ నిలిచి ఉన్న చెక్క కట్టడాల్లో ప్రపంచంలోకెల్లా పాతవి అక్కడే ఉన్నాయి. జపాన్ గుళ్లలో మేకులే ఉండవని చాలామంది అంటారు కానీ అది పూర్తిగా నిజం కాదు. హోర్యూజీలో కమ్మరులు సాగగొట్టిన ఇనుప మేకులున్నాయి. బరువు మోసేది మాత్రం ప్రధానంగా అతుకులే.

మీ చేత్తో ఏదైనా చేయాలనుంటే హకోనే కొండల్లోని హతాజుకు ఊరికి వెళ్లండి. రంగురంగుల చెక్క ముక్కలు అతికించే యోసెగి పని నేర్పిస్తారు. ముందే బుక్ చేసుకోండి.