కేంద్రంలో లైను తెగినా కబురు రాలేదేం?

ప్రశ్న: మా డెయిరీకి 12 పాల శీతలీకరణ కేంద్రాలున్నాయి. ప్రతిచోటా ఒక రౌటర్, ఒక స్విచ్, ఒక యూపీఎస్ ఉన్నాయి. ఒంగోలు కార్యాలయం నుంచి గమనించడానికి వాటన్నింటిలో ఎస్‌ఎన్‌ఎంపీ ట్రాప్‌లు (ఏదైనా జరిగితే పరికరం తనంతట తాను పంపే హెచ్చరికలు), సిస్‌లాగ్ (పరికరం తన సంఘటనల చిట్టాను పంపే పద్ధతి) పెట్టాను. సాయంత్రం కంప్యూటర్లు ఆపగానే సందేశాలు కుప్పలుగా వస్తున్నాయి. మొన్న ఒక కేంద్రం పూర్తిగా తెగిపోయినప్పుడు మాత్రం ఒక్కటీ రాలేదు. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: మీ అమరికలో తప్పు లేదు, ట్రాప్ పనిచేసే తీరే అది. ట్రాప్‌ను పంపేది పరికరమే. అది యూడీపీ అనే, రసీదు అడగని పద్ధతిలో సర్వర్ 162 పోర్టుకు ఒక్కసారి వెళ్తుంది, చేరిందో లేదో పరికరానికి తెలియదు. తెగిపోయిన లైను గురించిన కబురు కూడా ఆ లైను మీదుగానే రావాలి కాబట్టి మీకు అందలేదు. ట్రాప్‌కు బదులు ఇన్‌ఫామ్ పెడితే, అందినట్టు జవాబు వచ్చేదాకా పరికరం కొన్నిసార్లు మళ్లీ పంపుతుంది కానీ, గంటసేపు లైను లేకపోతే అదీ విరమించుకుంటుంది.

అందువల్ల అడగవలసిన పని మీ సర్వర్‌కు అప్పగించండి. అది నిమిషానికొకసారి ప్రతి రౌటర్‌నూ పింగ్‌తోనో ("ఉన్నావా" అని అడిగే చిన్న సందేశం), ఎస్‌ఎన్‌ఎంపీ 161 పోర్టు ద్వారానో పలకరించి, వరసగా మూడుసార్లు జవాబు రాకపోతే మీకు ఎస్‌ఎంఎస్ పంపాలి. ఆ ఎస్‌ఎంఎస్ కార్యాలయపు ఇంటర్నెట్ మీద ఆధారపడకుండా సిమ్‌కార్డున్న మోడెమ్ ద్వారా వెళ్లడం మేలు. లేకుంటే ఒంగోలులో లైను పోయిన రోజున మళ్లీ ఇదే మౌనం ఎదురవుతుంది.

సాయంత్రపు రద్దీ విషయానికొస్తే, స్విచ్‌లో కంప్యూటర్ల కేబుళ్లు తగిలించిన పోర్టులలో లింక్ సందేశాలను (కేబుల్ కలిసింది, తెగింది అని చెప్పేవి) ఆపేసి, రౌటర్ వైపు వెళ్లే పోర్టుకు మాత్రమే ఉంచండి. సిస్‌లాగ్‌లో తీవ్రత 0 నుంచి 7 వరకు ఉంటుంది, 0 అన్నింటికన్నా తీవ్రమైనది. చాలామంది 4వ స్థాయి, అంటే వార్నింగ్ దగ్గర గీత గీసి, అంతకన్నా తక్కువ తీవ్రత ఉన్నవాటిని ఆపితే రద్దీ తగ్గుతుందనుకుంటారు. కానీ సిస్కో స్విచ్‌లలో పోర్టు పడిలేచిన సందేశం 3వ స్థాయిలోనే వస్తుంది కాబట్టి ఆ గీత దాన్ని ఆపలేదు. ఆ పోర్టులలో "నో ఎస్‌ఎన్‌ఎంపీ ట్రాప్ లింక్-స్టేటస్", "నో లాగింగ్ ఈవెంట్ లింక్-స్టేటస్" అనే రెండు ఆదేశాలూ ఇవ్వవలసిందే.

మీ కేంద్రాలకు అన్నింటికన్నా విలువైన హెచ్చరిక యూపీఎస్ నుంచి రావాలని నా అభిప్రాయం. యూపీఎస్‌లో నెట్‌వర్క్ కార్డు ఉంటే, కరెంటు పోయి బ్యాటరీ మీదకు మారిన క్షణంలో, లైను ఇంకా బతికి ఉండగానే కబురు పంపగలదు. పాలు చల్లబరిచే యంత్రం ఆగిన సంగతి కూడా దానితోనే తెలుస్తుంది. అయితే రౌటర్, స్విచ్‌లతో పాటు ఫైబర్ కంపెనీవారు గోడకు బిగించిన చిన్న పెట్టెకు కూడా యూపీఎస్ నుంచే కరెంటు అందాలి. చాలాచోట్ల అది మామూలు ప్లగ్‌లో ఉండిపోతుంది.

ఎస్‌ఎన్‌ఎంపీ రెండో వెర్షన్‌లో పాస్‌వర్డులా పనిచేసే "పబ్లిక్" అనే కమ్యూనిటీ పేరు మార్చకుండా వదిలేస్తే ఎవరైనా మీ పరికరాలను చదవగలరు. సంకేతీకరణ ఉన్న మూడో వెర్షన్ వాడండి. అన్ని పరికరాల గడియారాలనూ ఎన్‌టీపీతో (నెట్‌వర్క్ ద్వారా సమయం సరిచేసే పద్ధతి) కలపండి. ఆపైన ఒక కేంద్రం ఇన్‌చార్జికి ముందుగా చెప్పి, పాల సేకరణ లేని వేళ ఫైబర్ తీయించి, ఎస్‌ఎంఎస్ ఎన్ని నిమిషాలకు వచ్చిందో చూసుకోండి.