మందుపాతరలు తీసే ప్రాజెక్టుల్లో ముందు దేనికి డబ్బివ్వాలి?

ఒక్కో పాతర తీయడానికి ఎంతవుతుందో చూసి, తక్కువ ఖర్చయ్యేదానికే ఇస్తే సరిపోదా అని అడిగారు కదా, సరిపోదండి. మా మాదాపూర్ ఆఫీసులో డొనేషన్ ఎవరికివ్వాలా అని కూర్చున్నప్పుడు నేనూ మొదట అదే లెక్క వేశా. కానీ మనుషులు తిరగని సరిహద్దులో వెయ్యి పాతరలు తీయడం కన్నా ఊరి బావికెళ్ళే బాటలో ఉన్న రెండు తీయడమే ముందు జరగాలి, ఎందుకంటే బిందెలు పట్టుకుని ఆడవాళ్ళు, పిల్లలు రోజూ నడిచేది ఆ బాట మీదే.

అసలు ఖర్చు ఎక్కువగా వెతకడంలోనే ఉంది. మనిషి మోకాళ్ళ మీద కూర్చుని మెటల్ డిటెక్టర్ తిప్పుతాడు, అది కూస్తే పక్కనుంచి మట్టి కొంచెం కొంచెంగా గీకుతూ వెళ్తాడు, చాలాసార్లు తుప్పు మేకో సీసా మూతో దొరుకుతుంది, మళ్ళీ ఇంకో అడుగు. అందుకే సర్వే బాగా చేసే టీమ్‌కి నేను ఎక్కువ మార్కులేస్తా, ఊరోళ్ళని అడిగి, పాత ప్రమాదాలు ఎక్కడ జరిగాయో చూస్తే అనుమానం లేని పొలాన్ని తవ్వకుండానే రైతుకి తిరిగిచ్చేయొచ్చు. పాతరలు వెతకడానికి అపోపో అనే సంస్థ శిక్షణ ఇచ్చిన ఎలుకలైతే పేలుడు పదార్థం వాసనే పడతాయి, ఇనప ముక్కల్ని పట్టించుకోవు, పైగా తేలిక కాబట్టి వాటి బరువుకి పాతర పేలదు.

ఆఫ్రికా దేశం మొజాంబిక్ 2015లో తెలిసిన పాతరలన్నీ తీసేశామని ప్రకటించింది, అంటే ఇది అంతులేని పనేం కాదు. ఇచ్చే ముందు ప్రాజెక్టు వాళ్ళని ఒకటి తప్పకుండా అడగండి, మీరు ఇంతకుముందు క్లియర్ చేసిన నేలలో ఏడాది తర్వాత పంట వేశారా, పిల్లలు ఆ దారిన బడికి వెళ్తున్నారా అని.