20 నెలలు నిండినా పాపకు మాటలు రాలేదు, ఇంట్లో మేం ఏం చేయాలి?

మీ పాపకు 20 నెలలు, చక్కగా నడుస్తోంది, "బంతి తీసుకురా" అంటే తెస్తుంది, కానీ "అమ్మ", "తాత" తప్ప మాటలు లేవు, పెద్దవాళ్లేమో "కొందరికి ఆలస్యంగా వస్తాయిలే" అంటున్నారు, ఏం చేయాలి అని అడిగారు కదా. మా బాబు కూడా ఇదే వయసులో దాదాపు ఇలాగే ఉండేవాడు. ఇప్పుడు ఒకటో తరగతి, స్కూల్ నుంచి వచ్చాక వాడి కబుర్లు వినడానికే సాయంత్రం సరిపోతుంది. అందరు పిల్లలకీ ఇలాగే జరుగుతుందని చెప్పలేను గానీ, మాకు పనికొచ్చినవి వివరంగా రాస్తున్నాను.

ఇంట్లో చేసేవాటికంటే ముందు వినికిడి పరీక్ష చేయించండి. "పిలిస్తే చూస్తున్నాడు, టీవీ పెడితే పరిగెత్తుకొస్తున్నాడు, చెవులకేమైంది?" అని మా ఇంట్లోనూ అన్నారు. కానీ తరచూ జలుబు చేసే పిల్లలకు చెవి లోపల కర్ణభేరి వెనక నీరు చేరవచ్చు. అప్పుడు పెద్ద శబ్దాలు తెలుస్తాయి, మాటలు మాత్రం నీళ్లలో మునిగి విన్నట్టు అస్పష్టంగా వినబడతాయి. పుట్టినప్పుడు చేసిన పరీక్షలో అంతా బాగుందన్నా, తర్వాత సమస్య రావచ్చు. ఓఏఈ అనే పరీక్ష కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. బెరా అనే ఇంకో వినికిడి పరీక్ష అయితే బిడ్డ కదలకుండా నిద్రపోవాలి. అందుకే మాకు పొద్దున్నే లేపి, దారిలో పడుకోనివ్వకుండా తీసుకురమ్మన్నారు. ఆటోలో వాడి కళ్లు మూతలు పడుతుంటే వాళ్ల నాన్న ఎదురొచ్చిన ప్రతి లారీనీ చూపిస్తూ మెలకువగా ఉంచారు. చెవులు బాగున్నాయని తేలాక మిగతా ప్రయత్నం నిశ్చింతగా మొదలుపెట్టాం.

రెండోది, ఇప్పుడు పాపకు ఎన్ని మాటలున్నాయో సరిగ్గా లెక్కపెట్టండి. "బువ్వ", "లాల", "టాటా", కుక్కను చూసి "భౌ" అనడం, ఇవన్నీ మాటలే. నీళ్లు కావాలన్నప్పుడల్లా ఒకే రకంగా "ఈయ్" అంటే అదీ మాటే. కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. డాక్టర్లు మామూలుగా చూసేది ఏమిటంటే, ఏడాదిన్నరకు అమ్మ, నాన్న కాకుండా కనీసం మూడు మాటలు, రెండేళ్లు నిండేసరికి "అమ్మ రా", "పాలు కావాలి" లాంటి జంట మాటలు. మీరు రాసినదాన్ని బట్టి పాప కాస్త వెనకబడి ఉన్నట్టే, అందుకే "చూద్దాంలే" అని ఊరుకోవద్దంటున్నాను.

మాటలతో పాటు సైగలు కూడా చూడండి. విమానం వెళ్తుంటే వేలు పెట్టి చూపించి, మీరూ చూశారా అన్నట్టు మీ ముఖంలోకి చూస్తుందా? పేరు పెట్టి పిలిస్తే తిరుగుతుందా? ఇవి ఉంటే మంచి సూచన. లేకపోయినా, ఇంతకుముందు అన్న మాటలు ఇప్పుడు అనడం మానేసినా, ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టర్‌కి చూపించండి.

ఇక ఇంట్లో చేసే సంగతి. మా స్పీచ్ థెరపిస్ట్ చెప్పినవాటిలో నేను అన్నిటికంటే విలువైనదిగా భావించేది ఇదే: బిడ్డకు మాటలు నేర్పడం కంటే ముందు, మాట్లాడాల్సిన అవసరం కల్పించాలి, ఆ మాట వచ్చేదాకా ఆగాలి. మన ఇళ్లలో బిడ్డ చేయి చాపకముందే అన్నీ అందించేస్తాం. అడిగే పనే ఉండదు.

మా వాడికి మరమరాలంటే ప్రాణం. లోపలివి కనిపించే ప్లాస్టిక్ డబ్బాలో పోసి, మూత గట్టిగా పెట్టి వాడి ముందు ఉంచేదాన్ని. డబ్బా అటూ ఇటూ తిప్పేవాడు, మూత కొరికేవాడు, చివరికి తెచ్చి నా చేతిలో పెట్టేవాడు. నేను వెంటనే తీయకుండా, నవ్వుతూ వాడి ముఖంలోకి చూస్తూ, మనసులో నెమ్మదిగా పది అంకెలు లెక్కపెట్టుకునేదాన్ని. మొదట్లో "ఊ" అనేవాడంతే. ఆ "ఊ"కే "తియ్యాలా? తియ్యి! ఇదిగో తీశా" అంటూ కాసిని చేతిలో పోసి మళ్లీ మూత పెట్టేదాన్ని. కొన్ని వారాలు పోయాక ఒకరోజు డబ్బా నా ఒళ్లో పడేసి "తీ" అన్నాడు. ఆ రోజు ఇంట్లో అందరికీ ఫోన్ చేసి చెప్పాను. అయితే ఏడిపించేదాకా ఆగకూడదు. విసుగు మొదలవుతోంది అనగానే ఇచ్చేయాలి. "తియ్యి అను, అంటేనే ఇస్తా" అని అస్సలు పట్టుబట్టకూడదు. (ఈ ఆటకు పల్లీలు, శనగలు వాడకండి, ఈ వయసులో గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది.)

దీనికోసం ప్రత్యేకంగా టైమ్ పెట్టుకోనక్కర్లేదు. స్నానం చేయిస్తూ "కాళ్ల మీద నీళ్లు పోశా, ఇప్పుడు బొజ్జ మీద" అని, బట్టలు మడతపెడుతూ "నాన్న చొక్కా, పాప గౌను" అని, చేస్తున్న పనే చిన్న చిన్న మాటల్లో చెప్పండి. "ఇదేంటి, అదేంటి" అని పరీక్ష పెట్టడం తగ్గించండి. పాప "బువ్వ" అంటే మీరు "వేడి బువ్వ" అనండి, ఒక్క మాట కలిపితే చాలు.

మా మామయ్యగారికి ఇవేవీ ఎవరూ చెప్పలేదు. ఆయన రోజూ సాయంత్రం మనవణ్ణి అరుగు మీద కూర్చోబెట్టుకుని "బస్సు వచ్చిందీ..." అనేవారు, అది దాటగానే "బస్సు..." అని ఆపి వాడివైపు చూసేవారు. మేకలు వెళ్లినా, పాలాయన వెళ్లినా అదే వరస. మా వాడు మొదటిసారి రెండు మాటలు కలిపింది అక్కడే, "బచ్చు పోయి" అని. ఇంట్లో తాతయ్య, నాన్నమ్మ ఉంటే వాళ్లకు ఈ పని అప్పగించండి, మనకంటే ఓపికగా చేస్తారు.

ఫోన్ గురించి మీరు అడగలేదు గానీ చెప్పక తప్పదు. రెండేళ్లలోపు పిల్లలకు స్క్రీన్ వద్దని మన దేశంలోని పిల్లల డాక్టర్ల సంఘం, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, చెబుతోంది. ఊళ్లో ఉన్న అమ్మమ్మతో అప్పుడప్పుడూ వీడియో కాల్ ఫర్వాలేదు. వీడియోలోని బొమ్మ గడగడా మాట్లాడుతుంది, బిడ్డ బదులు కోసం ఆగదు. ముఖ్యంగా అన్నం పెట్టేటప్పుడు ఫోన్ తీసేయండి. మొదట రెండు మూడు రోజులు గోల చేస్తారు, తట్టుకోండి.

నాలుక మీద వస అరగదీసి రాయమని ఎవరైనా చెబితే ఒప్పుకోవద్దు. వసలో బీటా అసరోన్ అనే పదార్థం ఉంటుంది, అది విషపదార్థం. వస తిన్నవాళ్లకు తీవ్రమైన వాంతులైన ఉదంతాలు ఉన్నాయి. అమెరికాలో 1968లోనే ఆహారపదార్థాల్లో దాని వాడకాన్ని నిషేధించారు. "నాలుక కింద పొర కోయిస్తే మాటలొస్తాయి" అనేది కూడా వింటారు. ఆ పొర వల్ల కొన్ని అక్షరాలు సరిగ్గా పలకకపోవచ్చు గానీ, మొత్తంగా మాటలే రాకపోవడానికి సాధారణంగా అది కారణం కాదు.

ఉద్యోగరీత్యా బెంగళూరులో ఉన్నామని రాశారు, ఇంట్లో తెలుగు, బయట కన్నడ, ఇంగ్లిష్ వల్ల పాప తికమకపడుతోందేమో అని మీ టెన్షన్. రెండు మూడు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు. మాటలు లెక్కపెట్టేటప్పుడు అన్ని భాషలవీ కలిపి లెక్కపెట్టండి. ఎవరో చెప్పారని ఇంట్లో తెలుగు మానేయకండి. మీకు ఆలోచించకుండా నోటికొచ్చే భాషలోనే బిడ్డతో ఎక్కువ మాట్లాడతారు, ఆమెకు కావాల్సింది అదే.

చూపించడానికి మీకు మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది, కేంద్ర ప్రభుత్వానిది, 1965 నుంచి ఈ పనే చేస్తోంది. సొంతూరు వెళ్లినప్పుడు చూపించాలనుకుంటే, ప్రభుత్వ రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో నడిచే డీఈఐసీ కేంద్రాల (పిల్లల ఎదుగుదలలో ఆలస్యాన్ని తొందరగా గుర్తించి సాయం చేసేవి) గురించి అంగన్‌వాడీ టీచర్‌ని గానీ, ఆశా కార్యకర్తని గానీ అడగండి. హైదరాబాద్ వైపైతే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్‌ఐఈపీఐడీ ఉంది, మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం నడిచే కేంద్ర ప్రభుత్వ సంస్థ. వెళ్లేముందు పాప ఆడుకుంటున్నప్పుడు, అడిగి తీసుకుంటున్నప్పుడు ఫోన్‌లో చిన్న వీడియోలు తీసుకోండి. కొత్తచోట పిల్లలు బిగుసుకుపోతారు, మా డాక్టర్ ఆ వీడియోలు చూశాకే సరైన ప్రశ్నలు అడగగలిగారు.

ప్లేస్కూల్‌లో వేస్తే మాటలొస్తాయా అన్నారు. వేయండి, కానీ చెవి పరీక్ష, డాక్టర్ అపాయింట్‌మెంట్ అయ్యాక. చేర్పించేముందు ఒక గంట అక్కడ కూర్చుని చూడండి. ఒక్క టీచర్ చేతిలో ఇరవై మంది పిల్లలుంటే మీ పాపతో నింపాదిగా మాట్లాడే తీరిక ఆవిడకు ఉండదు, అలాంటి చోటికంటే ఇంకొన్నాళ్లు తాతయ్య దగ్గరే నయం.