లోడు మీద లాగని పాత ట్రక్కు: టర్బో కొనేముందు చూడాల్సినవి

ప్రశ్న: అన్నా, మాది నిజామాబాద్ దగ్గర పల్లె, ఇప్పుడు డల్లాస్‌లో ఉంటున్నాను. ఐటీ వదిలేసి సీడీఎల్ (ట్రక్కు లైసెన్సు) తీసుకుని, కొన్నాళ్లు కంపెనీ బండి నడిపి, ఈమధ్యే ఒక ఫ్లీట్ (చాలా ట్రక్కులు నడిపే కంపెనీ) వాళ్లు అమ్మేసిన 2018 మోడల్ ట్రక్కు కొన్నాను. 13 లీటర్ల ఇంజిన్, 450 హార్స్‌పవర్ అన్నారు. ఖాళీగా బాగానే పోతోంది. లోడు వేసి ఐ-40 మీద అమరిల్లో దాటి న్యూ మెక్సికో వైపు వెళ్తుంటే మాత్రం లాగట్లేదు, గట్టి ఎత్తు వస్తే గంటకు 30 మైళ్లకి పడిపోతోంది. చెక్ ఇంజిన్ లైటు లేదు. షాపులో చూపిస్తే టర్బో మార్చాలంటున్నారు. ఇంకో మాట, వారాల తరబడి ఒక్కడినే రోడ్డు మీద ఉండలేకపోతున్నాను. మీరెలా తట్టుకున్నారు?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పార్టు) మాట పక్కన పెట్టు. ఏ రీడింగ్ చూసి టర్బో అన్నారో నీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. అంటే వాళ్లు చెప్పలేదు, నువ్వు అడగలేదు. వేల డాలర్ల పార్టు గురించి మాట్లాడుతూ ఒక్క అంకె కూడా అడక్కుండా బయటికొచ్చావంటే నీ చేతిలో ఇంకా జీతం డబ్బులు ఉన్నాయన్నమాట. నాకూ మొదట్లో అలాగే ఉండేవి.

నా మొదటి బండి వేలంలో కొన్నాను, 15 లీటర్ల ఇంజిన్. ఇంజిన్ చప్పుడు బ్రహ్మాండంగా ఉంది, టైర్లు కొత్తవి, మనకింకేం కావాలి. మాది విజయవాడ, చిన్నప్పుడు ఆటోనగర్ సందుల్లో తిరిగినవాణ్ని, డీజిల్ బండి గురించి నాకెవడు చెప్పాలి అనుకునేవాణ్ని. తొలి కిరాయే అరిజోనాలో ఫీనిక్స్ నుంచి ఫ్లాగ్‌స్టాఫ్ మీదుగా. ఐ-17 ఎత్తులో నా పక్కనుంచి నా బండికంటే పాత బండ్లు కూడా దాటిపోతుంటే ఒళ్లు మండిపోయింది. దారిలో దొరికిన షాపులో ఆపాను. మేనేజరు హుడ్ ఎత్తి, టర్బో షాఫ్టు వేలితో కదిపి చూసి, "ఇది పోయింది" అన్నాడు. ఆ షాఫ్టుకు కొద్దిగా కదలిక ఉండటం సహజమేనని, ఎంత కదిలితే పాడైనట్టో కంపెనీ కొలత ఉంటుందని, దాన్ని డయల్ గేజ్ పెట్టి కొలుస్తారని నాకు అప్పుడు తెలీదు. క్రెడిట్ కార్డు ఇచ్చేశాను. టర్బో మారింది, బండి మాత్రం మారలేదు. మళ్లీ అదే షాపుకు వెళ్తే ఈసారి బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) సెన్సరన్నారు, తర్వాత పెడల్ సెన్సరన్నారు. ఇంట్లో ఆవిడ ఫోన్ చేసి బ్యాంకు బ్యాలెన్స్ అడిగితే సిగ్నల్ లేదని పెట్టేసేవాణ్ని.

చివరికి వేరే షాపులో అసలు సంగతి బయటపడింది. అక్కడి కుర్రాడు బండి స్టార్ట్ కూడా చెయ్యలేదు. టర్బో నుంచి చార్జ్ ఎయిర్ కూలర్‌కి (టర్బో గాలిని చల్లార్చేది) వెళ్లే పైపుకు, కూలర్ నుంచి ఇంజిన్‌కి వచ్చే పైపుకు బిరడాలు బిగించి, షాపు గాలి 30 పీఎస్‌ఐ ఎక్కించి, వాల్వు మూసి, గేజ్ వైపు చూశాడు. మామూలుగా పెట్టుకునే లెక్క 15 సెకన్లలో 5 పీఎస్‌ఐ కంటే ఎక్కువ పడకూడదు. నా బండిలో ముల్లు చూస్తుండగానే సగానికి జారిపోయింది. సబ్బు నీళ్లు కొడితే, సైకిల్ షాపువాడు ట్యూబుని తొట్లో ముంచినప్పటిలా, రేడియేటర్ పక్కన క్లాంపు అంచు కింద నుంచి బుడగలు తన్నుకొచ్చాయి. రబ్బరు హోసు చీలిక. ఇంజిన్ ఊరికే తిరుగుతుంటే ఆ చీలిక మూసుకునే ఉంటుంది, బూస్ట్ వచ్చినప్పుడే తెరుచుకుంటుంది. హోసు చుట్టూ నూనె తడికి దుమ్ము పట్టి నల్లగా చార కట్టి ఉంది, నేను రోజూ ప్రీట్రిప్‌లో (బయల్దేరేముందు చేసే తనిఖీ) దాన్ని చూస్తూనే ఉన్నాను, మురికి అనుకున్నాను. హోసు, రెండు క్లాంపులు కలిపి వంద డాలర్లు కాలేదు.

నీ బండికీ అదే జబ్బని నేననట్లేదు. కానీ లైటు రాలేదు కాబట్టి లీకు లేదని అనుకోకు. ఇప్పటి వేరియబుల్ టర్బోలు కొంచెం గాలి కారిపోతున్నా ఇంకాస్త వేగంగా తిరిగి సర్దేస్తాయి, వాటి శక్తి చాలనప్పుడే కోడ్ పడి లైటు వెలుగుతుంది. 2007కి ముందు బండ్లయితే గాలి తగ్గగానే సైలెన్సర్ గొట్టం నల్ల పొగ కక్కి చెప్పేసేది. ఇప్పుడు ఆ మసంతా డీపీఎఫ్ (పొగ దారిలో మసి పట్టే ఫిల్టర్) మింగేస్తుంది కాబట్టి నీకు పొగ కనపడదు, దానికి బదులు రీజెన్‌లు (పట్టిన మసిని కాల్చెయ్యడం) ఎక్కువవుతాయి. కొన్నప్పటికంటే ఇప్పుడు తరచుగా రీజెన్ అడుగుతోందా? అది రాసి ఉంటే సగం పని అయ్యేది.

అసలు నీ బండికి జబ్బుందా అన్నది ఇంకో ప్రశ్న. అమరిల్లో 3,600 అడుగుల ఎత్తున ఉంటుంది, అక్కణ్నుంచి న్యూ మెక్సికోలోని క్లైన్స్ కార్నర్స్ చేరేసరికి 7 వేల అడుగులు దాటేస్తావు. రోడ్డు చదునుగా ఉన్నట్టే కనపడుతుంది, పైగా ఎదురుగాలి. కొత్తవాళ్లందరూ అక్కడే బండిని తిడతారు. లెక్క వేసుకో: 80 వేల పౌండ్ల బండి 6 శాతం ఎత్తుని (వంద అడుగులకి ఆరడుగులు లేచేది) గంటకు 30 మైళ్లతో ఎక్కాలంటే ఆ ఎత్తుకే చక్రాల దగ్గర 380 పైచిలుకు హార్స్‌పవర్ కావాలి, టైర్ల రాపిడి, గాలి అదనం. 450 ఇంజిన్‌లో గేర్‌బాక్సు, యాక్సిళ్లు తినేయగా చక్రాలకు చేరేది దాదాపు అంతే. కాబట్టి నిండు లోడుతో అలాంటి ఎత్తు మీద 30 అంటే ఆ బండి ఆరోగ్యంగానే ఉంది. అదే 3 శాతం ఎత్తు మీద కూడా 30కి పడిపోతే అప్పుడు జబ్బు.

ఇంకోటి, ఆ 450 ఎవరన్నారు? అమ్మినవాడేనా? ఫ్లీట్ వాళ్లు డీజిల్ మిగలడానికి కంప్యూటర్లో పవర్ తగ్గించి పెట్టుకోవడం, స్పీడు 65కో 62కో కట్టెయ్యడం మామూలే. ఇంజిన్ కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉన్నవాళ్ల దగ్గర ఆ సెట్టింగులు ప్రింట్ తీయించుకో, సీరియల్ నంబరుతో డీలర్‌ని అడిగితే అసలు రేటింగ్ చెప్తారు. వెనక యాక్సిల్ రేషియో (చక్రం ఒకసారి తిరగడానికి డ్రైవ్ షాఫ్టు ఎన్నిసార్లు తిరగాలో ఆ అంకె) కూడా చూడు. 2.64 లాంటిదైతే హైవే మీద ఆర్‌పీఎం బాగా కిందుంటుంది, చిన్న ఎత్తుకే టాప్ గేరులో ఊపిరాడదు. దానికి మందు గేరు తగ్గించడమే, పైసా ఖర్చు లేదు. ఆటోమేటెడ్ గేర్‌బాక్సయితే మాన్యువల్‌లో పెట్టి ఎత్తు మొదలవకముందే తగ్గించు.

ఇవన్నీ సరే అనుకున్నాక కొలతలకి రా. నీ బండి డయాగ్నొస్టిక్ పోర్టుకి సరిపోయే బ్లూటూత్ అడాప్టర్ ఒకటి కొను, ఫోన్లో లైవ్ డేటా వస్తుంది. లోడుతో ఎత్తు ఎక్కుతూ పెడల్ పూర్తిగా నొక్కినప్పటి రీడింగులు కావాలి, పార్కింగ్‌లో రేజ్ చేసి చూసినవి పనికిరావు. నడిపేటప్పుడు ఫోన్ వైపు చూడకు, రికార్డింగ్ పెట్టుకుని తర్వాత చూసుకో. పెడల్ 100 శాతం చూపించాలి. పెడల్ వంద ఉండి ఇంజిన్ లోడు వందకి రాకుండా ఆగిపోతే కంప్యూటరే పట్టి ఆపుతోందని అనుమానించు, సెట్టింగో సెన్సరో ఉంటుంది. లోడు వంద ఉండి బూస్ట్ తక్కువైతే గాలి దారిలో వెతుకు: ఎయిర్ ఫిల్టర్, హోసులు, కూలర్, ఆ తర్వాతే టర్బో. బూస్ట్ బాగుండి బండి లాగకపోతే డీజిల్ వైపు చూడు.

డీజిల్ జబ్బుకు ఒక గుర్తుంది. ఎత్తు మొదట్లో బాగానే లాగి, కొన్ని మైళ్లు నొక్కాక నీరసపడి, రెస్ట్ ఏరియాలో కాసేపు ఆపి బయల్దేరితే మళ్లీ బాగుంటుంది. ఫిల్టర్లు మార్చి ఎన్నాళ్లయిందో నీకు తెలీదు కాబట్టి ఎలాగూ మార్చు, ఆ ఖర్చుకి నేనేమీ అనను. మార్చినా తీరకపోతే లోడు మీద ఫ్యూయల్ ప్రెజర్ చూడు, పడిపోతుంటే ట్యాంకు నుంచి వచ్చే పైపు, ట్యాంకు గాలి రంధ్రం. పాత రబ్బరు పైపు పైకి బాగానే ఉండి లోపలి పొర ఊడి అడ్డం పడటం నేను కళ్లారా చూశాను.

డీపీఎఫ్ సంగతి పొడిగా చెప్తాను. డిఫరెన్షియల్ ప్రెజర్ (ఫిల్టర్ ముందు, వెనక ఒత్తిడిలో తేడా) ఎక్కువగా ఉంటే అడ్డుపడినట్టు. రీజెన్‌తో మసి కాలుతుంది గానీ బూడిద పోదు, విప్పి శుభ్రం చేయించాల్సిందే. కానీ గాలి లీకు సరిచెయ్యకుండా డీపీఎఫ్ కడిగిస్తే అది మళ్లీ నిండుతుంది, కడిగిన డబ్బులు బూడిదలోనే. ఎవడైనా "అదంతా పీకేసి ట్యూన్ చేస్తా, గుర్రంలా పోతుంది" అంటాడు, తప్పకుండా అంటాడు, లొంగకు. అది ఫెడరల్ చట్టానికి విరుద్ధం. వివరాలు ఈపీఏ (పర్యావరణ సంస్థ) సైట్‌లో చూసుకో. అమ్మేటప్పుడు కూడా రేటు పడిపోతుంది. నీ సీడీఎల్, అథారిటీ (సొంతంగా కిరాయిలు ఎత్తే అనుమతి) రూల్స్ మారుతుంటాయి, అవి ఎఫ్‌ఎంసీఎస్‌ఏ (ట్రక్కుల భద్రత చూసే ఫెడరల్ సంస్థ) సైట్‌లోనే చదువుకో, వాట్సాప్ గ్రూపుల్లో కాదు.

ఇంజిన్ తప్పే లేని సందర్భాలూ ఉంటాయి. రేడియేటర్ ఫ్యాన్ క్లచ్ పట్టేసి ఎప్పుడూ తిరుగుతుంటే అదొక్కటే పదుల హార్స్‌పవర్ తినేస్తుంది, ఆ హోరు కేబిన్‌లోకి వినపడుతుంది. ట్రైలర్ బ్రేకు ఒకటి పూర్తిగా వదలకపోయినా అంతే. ఇరవై మైళ్లు నడిపి ఆపి, ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో ఒక్కో హబ్బూ చూడు, ఒకటి మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే దొంగ దొరికినట్టే. దాన్ని అలాగే నడిపితే మంటలంటుకుంటాయి కూడా.

షాపుకు వెళ్లాల్సి వస్తే "పవర్ లేదు, చూడండి" అనకు. అలా అన్నవాడిది బ్లాంక్ చెక్కే. "చార్జ్ ఎయిర్ కూలర్ ప్రెజర్ టెస్ట్ చెయ్యండి, ఎంత పడిందో రాసివ్వండి" అను. గంటకు ఎంతో ముందే అడుగు, ఎన్ని గంటలు దాటితే నీకు ఫోన్ చెయ్యాలో వర్క్ ఆర్డర్ మీద రాయించు, తీసిన పాత పార్టు నీకు చూపించాలని చెప్పు. నాకు కాస్త పేచీకోరు అని పేరుంది. ఉండనీ. ఇవాళ నా పేరు మీద మూడు బండ్లు నడుస్తున్నాయి, ఒక్కదాని మీదా అప్పు లేదు.

రిపేర్ల కోసం విడిగా ఖాతా ఉందా నీకు? ఉత్తరంలో ఆ మాటే లేదు. బండి ఆగినా కిస్తీ ఆగదు, ఇన్సూరెన్సు ఆగదు, కిరాయి మాత్రం ఆగిపోతుంది. ప్రతి లోడు డబ్బుల్లోంచి మైలుకింతని తీసి పక్కన పెట్టు, ఊళ్లో ఇంటికి స్లాబు వేయించాలనుకుంటుంటే దాన్ని వచ్చే ఏడాదికి వాయిదా వెయ్యి, నాన్నగారికి అర్థమయ్యేలా చెప్పు. కార్డు మీద రిపేరు చేయించుకుని, ఆ అప్పు తీర్చడానికి చౌక లోడ్లు ఎత్తి, మళ్లీ రిపేరొచ్చి బండి తాళాలు ఇచ్చేసినవాళ్లని మన తెలుగువాళ్లలోనే చూశాను, బాగా చదువుకున్నవాళ్లే.

ఒంటరితనం గురించి అడిగావు. ఉంటుంది, నాకూ ఉండేది. కానీ నిజం చెప్పాలంటే అందులో సగం డబ్బు టెన్షనే, ట్రక్ స్టాపులో రాత్రి నిద్ర పట్టకపోతే నేను లెక్కలే వేసుకునేవాణ్ని. రైస్ కుక్కర్ పెట్టుకో, ఇంటికి రోజూ ఫోన్ చెయ్యి.

ఆ ప్రెజర్ టెస్ట్, లోడు మీద రీడింగులు అయ్యాక మళ్లీ రాయి. వీడియోలు పంపకు, చప్పుడు విని చెప్పడానికి నేను ఆటోనగర్ మేస్త్రీని కాదు. బూస్ట్, ఫ్యూయల్ ప్రెజర్, డీపీఎఫ్ ప్రెజర్, యాక్సిల్ రేషియో, ఆ రోజు తూకం చీటీ మీది బరువు, ఈ అయిదూ రాసి పంపితే చాలు.