పెన్‌డ్రైవ్ జేబులో పెట్టుకుని వెళ్లండి

ప్రశ్న: నమస్తే అండీ. బెంగళూరు కె.ఆర్.పురంలో పీజీలో ఉండి ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. పగలు క్లాసులో పెన్నుతో నోట్స్ రాసుకోవాలి, రాత్రి కీబోర్డు తగిలించి లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లో పైథాన్ ప్రోగ్రామింగ్, ప్రోగ్రామ్‌లను విడివిడి డబ్బాల్లా నడిపే డాకర్ నేర్చుకోవాలి. ల్యాప్‌టాప్, ట్యాబ్ రెండూ కొనే స్తోమత లేదు. ఇంటర్న్‌షిప్‌లో దాచుకున్న 30,000 రూపాయలున్నాయి. ‘8 జీబీ ర్యామ్ ఉన్న ఆండ్రాయిడ్ ట్యాబ్ తీసుకో, లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటు ఎక్కించేద్దాం’ అంటున్నారు స్నేహితులు. కుదురుతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, అది మీరు కష్టపడి దాచుకున్న డబ్బు. అందుకే ముందే గట్టిగా చెబుతున్నాను, ఈ పని కోసం ఆండ్రాయిడ్ ట్యాబ్ కొనకండి. ర్యామ్ ఎంతున్నా సరే.

పీసీ ఆన్ చేయగానే అందులోని ఫర్మ్‌వేర్, అంటే బోర్డులోనే ఉండే తొలి ప్రోగ్రామ్, తన దగ్గర ఏ భాగాలున్నాయో ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెబుతుంది. అందుకే ఒకే ఉబుంటు పెన్‌డ్రైవ్ మీ కాలేజీ ల్యాబ్‌లోనూ పనిచేస్తుంది, మా ఆఫీసులోనూ పనిచేస్తుంది. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లలో ఆ ఏర్పాటు ఉండదు. ఏ మోడల్‌కు ఆ మోడల్ వివరాలు విడిగా రాసి, లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లో చేర్చాలి. స్క్రీన్, వై-ఫై, గ్రాఫిక్స్ డ్రైవర్లేమో చాలావరకు చిప్ కంపెనీల చేతిలోనే ఉంటాయి. పైగా ఆపరేటింగ్ సిస్టమ్‌ను లేపే బూట్‌లోడర్‌కు తాళం. 2017లో మొదలైన పోస్ట్‌మార్కెట్ఓఎస్ ప్రాజెక్టు వాళ్లు ఇలాంటి పరికరాలను ఒక్కొక్కటిగా లినక్స్‌కు తెస్తున్నారు. వాళ్లంటే నాకు చాలా గౌరవం. కానీ వాళ్ల జాబితాలో పేరున్నంత మాత్రాన టచ్, సౌండ్, కెమెరా అన్నీ పనిచేస్తాయని కాదు. పరీక్షల ముందు మీకు ఆ టెన్షన్ వద్దు.

టర్మక్స్ అనే యాప్‌తో ఆండ్రాయిడ్ లోపలే డెబియన్ అనే లినక్స్ పెట్టుకోవచ్చు, పైథాన్ హాయిగా నడుస్తుంది. అయితే కింద ఉండేది ఆండ్రాయిడ్ కెర్నెలే కాబట్టి, రూట్ చేయని (పూర్తి అధికారాలు తెరవని) ట్యాబ్‌లో డాకర్ నడవదు. మీకు డాకర్ కావాలన్నారుగా, ఆ దారీ మూసుకుపోయినట్టే.

మీకు కావలసింది ట్యాబ్ ఆకారంలో ఉన్న పీసీ. అంటే ఇంటెల్ ప్రాసెసర్ ఉండి, కీబోర్డు విడిగా వచ్చే రకం. డెల్ లాటిట్యూడ్ 5285, లెనోవో థింక్‌ప్యాడ్ ఎక్స్1 టాబ్లెట్, హెచ్‌పీ ఎలైట్ ఎక్స్2, మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ ఈ కోవలోవి. కొత్తవి మీ బడ్జెట్‌లో రావు, సెకండ్ హ్యాండ్‌లో వెతకండి. ఇప్పుడు మంచి సమయం కూడా. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఏడో తరం ఇంటెల్ చిప్‌లను, కొన్నింటిని మినహాయిస్తే, విండోస్ 11 ఒప్పుకోదు. కంపెనీలు వదిలించుకునే ఆ మెషీన్ల మీద లినక్స్ మాత్రం చక్కగా నడుస్తుంది.

వీటిలో నా ఓటు లాటిట్యూడ్‌కు. సర్ఫేస్ చేతిలో పట్టుకుంటే ముచ్చటగా ఉంటుంది, కాదనను. కానీ సర్ఫేస్ ప్రో 4 నుంచి 7 వరకు మామూలు కెర్నెల్‌తో టచ్ పనిచేయదు, లినక్స్-సర్ఫేస్ అనే ప్రత్యేక కెర్నెల్ వేసుకోవాలి. స్క్రీన్ జిగురుతో అంటించి ఉంటుంది కాబట్టి బ్యాటరీ మార్చడం పెద్ద పని. సర్ఫేస్ గోలో టచ్ గొడవ లేదు గానీ, తక్కువ ధరకు దొరికే 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ రకం జోలికి వెళ్లకండి. వీటిలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచలేరు. 8 జీబీకి తగ్గితే డాకర్‌తో విసిగిపోతారు.

ఇక కొనడం. చిక్‌పేట మెట్రోలో దిగితే కంప్యూటర్ షాపులుండే ఎస్.పి.రోడ్డు దగ్గరే. ఇంట్లోనే ఫెడోరా (ఇదీ ఒక లినక్స్ రకమే) లైవ్ పెన్‌డ్రైవ్ తయారుచేసుకోండి, టైప్-సి కన్వర్టర్ కూడా పట్టుకెళ్లండి. ‘ఇన్‌స్టాల్ చేయను, పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూస్తాను, లోపల ఏదీ చెరగదు’ అని షాపాయనకు ముందే చెప్పండి. ఒప్పుకోకపోతే పక్క షాపుకు నడవండి, మొహమాటపడకండి. సర్ఫేస్ అయితే వాల్యూమ్ తగ్గించే బటన్ నొక్కి పట్టుకుని పవర్ నొక్కితే పెన్‌డ్రైవ్ నుంచి లేస్తుంది. లోపలికి వెళ్లాక స్క్రీన్ నాలుగు మూలలా వేలు పెట్టి చూడండి, నిలువుగా తిప్పి చూడండి, మీ ఫోన్ హాట్‌స్పాట్‌కు వై-ఫై కలపండి. నిద్రపుచ్చి లేపి చూడడం మరిచిపోవద్దు, చాలా మెషీన్లు అక్కడే మొరాయిస్తాయి. బ్యాటరీ అసలు సామర్థ్యంలో ఇప్పుడు ఎంత మిగిలిందో టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైప్ చేసే విండోలో, యుపవర్ అనే ఆదేశం చూపిస్తుంది. స్క్రీన్ ఎక్కడైనా ఉబ్బినట్టు కనిపిస్తే ధర ఎంత తగ్గించినా వద్దు. మెషీన్ తొలి సెట్టింగ్స్ ఉండే బయోస్‌లోకి వెళ్తే పాస్‌వర్డ్ అడిగిందా, అదీ వద్దు. పాత కంపెనీ పెట్టిన ఆ తాళం తీయించడం మీ వల్లా నా వల్లా అయ్యే పని కాదు.

పెన్ను, కీబోర్డు ఆ మోడల్‌కు సరిపోయేవే, ట్యాబ్‌తో పాటే బేరమాడండి. ఒక కంపెనీ పెన్ను ఇంకో కంపెనీ స్క్రీన్ మీద చాలాసార్లు రాయదు. నోట్స్‌కు జోర్నల్++ అనే యాప్ వాడండి, పీడీఎఫ్ పాఠాల మీద నేరుగా రాసుకోవచ్చు. ఆన్‌లైన్ క్లాసులకు మాత్రం విడి వెబ్‌క్యామ్ అవసరం పడవచ్చు. ఈ ట్యాబ్‌లలోని కెమెరాలు లినక్స్‌కు ఇప్పటికీ కష్టమే.

ప్రశ్న: 2015లో కొన్న 10 అంగుళాల విండోస్ ట్యాబ్ ఉంది. ప్రాసెసర్ ఆటమ్ జెడ్3735ఎఫ్, 2 జీబీ ర్యామ్. ఉబుంటు పెన్‌డ్రైవ్ పెడితే బూట్ మెనూలో అసలు కనిపించడం లేదు. పారేయాలా?
– ఒక పాఠకుడు, చెన్నై

జవాబు: పారేయకండి. మీ ప్రాసెసర్ 64 బిట్‌దే, దాన్ని లేపే ఫర్మ్‌వేర్ (యూఈఎఫ్ఐ) మాత్రం 32 బిట్. ఆ రకం బూట్ ఫైల్ లేని పెన్‌డ్రైవ్ దాని కంటికి ఆనదు. 2017లో వచ్చిన ఫెడోరా 27 నుంచి ఫెడోరాలో ఆ ఫైల్ ఉంటోంది. 2 జీబీ కాబట్టి బరువైన గ్నోమ్ డెస్క్‌టాప్ జోలికి పోకుండా తేలికైన ఎల్ఎక్స్‌క్యూటీ రకం తీసుకోండి, ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్‌లో సెక్యూర్ బూట్ ఆపండి. ఉన్న ఒక్క మైక్రో యూఎస్‌బీకి ఓటీజీ హబ్ పెడితే కీబోర్డు, పెన్‌డ్రైవ్ రెండూ కలపవచ్చు. స్క్రీన్ అడ్డంగా తిరిగి కనిపిస్తే కంగారు పడకండి, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో సరిచేసుకోవచ్చు. చదువుకోవడానికి, పాటలకు, టెర్మినల్ నేర్చుకోవడానికి ఇది బాగా పనికొస్తుంది. బ్రౌజర్‌లో మాత్రం ఒకటి రెండు ట్యాబ్‌లకు మించి తెరవకండి.